గడీకి వీపు పెట్టిన తలుపులు

నిన్న సాయంత్రం పని దిగి దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపుకు తిరిగివస్తుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న ఆదిలాబాదు పెయింటరు తన ఫోను నా ముక్కు కింద పెట్టి ఒక ప్రకటన చూపించాడు. ఎడారిలో గుట్ట, గుట్ట మీద ఎర్ర పెంకుల బురుజులతో కోట, కోట మెట్ల మీద తెల్ల గౌనులో ఒక పెళ్ళికూతురు, వెనక బాణసంచా. ఒక్క రాత్రయినా రాజుల్లా బతికి చూడండి అని గొంతు మెత్తగా చేసుకుని ఎవరో చెబుతున్నారు. ఎంత బాగుందో చూడు కాకా అంటాడు పెయింటరు. ఆ కోట గోడలు లేపింది నేనూ, నా మనుషులూ అని వాడికేం తెలుసు! నేను చూస్తున్నది కోటను కాదు. కెమెరా ఒక్క క్షణం గుట్ట కింది ఇళ్ళ మీదుగా పోయింది. వరసగా పది పన్నెండు ఇళ్ళు, అన్నీ బోడి గోడలు, వాటి మీద ప్లాస్టిక్ తీగలు పాకించారు. ఒక్క ఇంటికీ తలుపు కనబడలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను నీది కాబట్టి బతికిపోయింది, నాదైతే కిటికీలోంచి విసిరికొట్టేవాణ్ణి అన్నాను. పెయింటరు బిత్తరపోయి ఫోను జేబులో పెట్టుకుని, క్యాంపు వచ్చేదాకా నా వైపు చూడలేదు. పాపం వాడి తప్పేముంది. కానీ ఆ మంట చల్లారక రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు, అందుకే ఇదంతా మీకు చెప్పుకుంటున్నాను.

నా ఈడు వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. మన రోజుల్లో మస్కట్ పోయినవాడూ, కువైట్ పోయినవాడూ, అందరూ దుబాయ్ పోయినవాళ్ళే. కరీంనగర్ పల్లెల నుంచి బొంబాయి పోయి, అక్కడ ఏజెంటు గదిలో పదిమందిమి ఒకరి కాళ్ళ దగ్గర ఒకరం తలపెట్టి పడుకుని, విమానం ఎక్కేనాటికి సగం ప్రాణం పోగొట్టుకుని వచ్చిన తరం మనది. మా వడ్డెరవాడ నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది రాతిపనివాళ్ళం. రాయి కొట్టడం మా నాయన నేర్పాడు, ఇటుకా సిమెంటు దిమ్మే ఈ దేశం నేర్పింది. మేస్త్రీనై, తరువాత ఫోర్‌మన్‌నై, డ్రాయింగు చదవడం కూడా వచ్చింది. నన్ను చూసి మా బామ్మర్ది వచ్చాడు. మా అత్తగారిల్లు కూడా మా ఊళ్ళోనే, రెండు సందుల అవతల. వాడు నాకంటే పదిహేనేళ్ళు చిన్న, అంటే మా ఊరి దొర కోటలాంటి ఇల్లు, గడీ, దాని పెత్తనం చల్లబడ్డాక పుట్టినవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, వాడి మాటలు వింటే మీకు కోపం రావచ్చు.

కరోనా వచ్చి పనులన్నీ ఆగిపోయి, క్యాంపు గదుల్లో మంచాలకు అతుక్కుపోయి, ఇక మన దుబాయ్ ఖలాస్ అనుకున్న రోజుల తరువాత, మళ్ళీ క్రేన్లు తిరగడం మొదలైనప్పుడు దొరికింది ఈ పని. ఎడారి అంచున ఒక పెద్ద విడిది కడుతున్నారు. యూరపులో చెక్ దేశమనే చోట కోటలు బాగుంటాయట, అక్కడి కోట ఒకటి, దాని కింద దొర వ్యవసాయం చేయించే కమతం, దాని చుట్టూ పల్లె, మొత్తం అచ్చుగుద్దినట్టు ఇక్కడ కట్టాలట. నవ్వకండి. మంచులో ఉండాల్సిన పెంకుల కప్పుల్ని మేము నలభై అయిదు డిగ్రీల ఎండలో ఎక్కించాం. గుట్ట కూడా దేవుడు పెట్టింది కాదు, బుల్‌డోజర్లు మట్టి పోసి తొక్కించినదే. కోట అంటే లోపల సిమెంటు దిమ్మెలు, పైన అరంగుళం మందం రాతి పలకలు జిగురుతో అతికించడం. ఏనుగంత బండను వేడిచేసి, నీళ్ళు చల్లి, ఒక్క దెబ్బకు చీల్చిన మా నాయన ఆ పలకల్ని చూసి ఉంటే నవ్వేవాడు కాదు, తుపుక్కున ఉమ్మేసేవాడు.

అన్నీ ఆ దేశంలో ఉన్నట్టే ఉన్నాయా లేదా అని చూడడానికి అక్కడి నుంచే ఒక ఆవిడ వచ్చింది. అందరం చెక్ మేడమ్ అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, ఎండకు ముఖం ఎర్రగా కమిలిపోయేది, అయినా హెల్మెట్ తీయకుండా గోడ గోడకూ చేయి ఆనించి చూసేది. వేసవిలో మధ్యాహ్నం ఎండ పూట బయట పని ఆపాలని ఇక్కడి చట్టం కదా, ఆ వేళలో మేము షెడ్డు కింద కూర్చుంటే ఆవిడా వచ్చి మా మధ్య కూర్చుని కరక్ చాయ్ తాగేది. మా మలయాళీ ఇంజనీరు మంచివాడు, ఆవిడ ఇంగ్లీషును మాకు హిందీలో చెప్పేవాడు, మా హిందీని ఆవిడకు ఇంగ్లీషులో చెప్పేవాడు. అలా నాకు తెలిసింది చెక్ దేశపు కోటల కథ.

కోట కథంటే రాజులు, కత్తులు, గుర్రాలు అనుకున్నాను. ఆవిడ చెప్పింది వేరు. కోట కింద కమతం ఉంటుంది, కమతంలో పశువుల కొట్టాలు, గొర్రెల కొట్టం, మేడంత గాదె, సారాయి కాచే కొట్టు. ఆ కమతం దున్నడానికి చుట్టూ ఊళ్ళు. ఊరివాళ్ళు వారంలో మూడు రోజులు, కోతల కాలంలో అంతకంటే ఎక్కువ, తమ ఎద్దుల్ని తోలుకుని పోయి దొర పొలం ఉచితంగా దున్నాలి. దొర పంట ఇల్లు చేరాకే వాళ్ళ పంట కోసుకోవాలి, అప్పటికి వాన వచ్చి నానిపోయినా సరే. దొర చెప్పకుండా పెళ్ళి చేసుకోకూడదు, ఊరు విడిచి పోకూడదు. తరువాత్తరువాత ఆ చట్టం పోయినా కమతాలు పోలేదు. ఆవిడ అమ్మమ్మ చిన్నతనంలో అలాంటి కమతంలోనే పాలు పితికేదట. పాలేర్లందరికీ కలిపి ఒక పొడుగిల్లు, ఒక్క గదికి నాలుగు కుటుంబాలు, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఈ మూల మీది, ఆ మూల వాళ్ళది అని పంచుకునేవాళ్ళట.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఇది మా ఊరి కథే కదా తల్లీ, నీకెవరు చెప్పారు అందామనుకున్నాను. మా దగ్గర దీన్ని వెట్టి అంటాం అని ఇంజనీరుతో చెప్పించాను. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మేము రాళ్ళు మోయాలి, మా తాత గడీ ప్రహరీకి రాయి మోసి మోసి నడుం విరగ్గొట్టుకుని మళ్ళీ లేవలేదు, ఇచ్చిందేమిటంటే ఒక పూట గటక. ఆవిడ వింటూ వింటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తమ దేశంలో ఇప్పుడు కోటలకు టికెట్టు పెట్టి చూపిస్తారట, దొరసాని పింగాణీ గిన్నెల గురించి గంట సేపు చెబుతారట, పాలేర్ల పొడుగిళ్ళేమో కప్పులు కూలి ముళ్ళపొదలు మొలిచాయట. అందుకే, ఊరూ కమతమూ కూడా కడితేనే కోటకు సలహా చెబుతాను, లేకపోతే నా పేరు వాడుకోవద్దని షరతు పెట్టి వచ్చిందట. దొరలను తిట్టుకోవడానికి నాకు ఆ దేశం నుంచి ఒక తోడు దొరికిందని సంబరపడ్డాను.

ఇక అసలు సంగతికి వస్తాను. గుట్ట కింది ఊరి పని నాది. నడుమ పచ్చిక మైదానం, దాని చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ తలుపులు మైదానం వైపు, అంటే కోట వైపు. డ్రాయింగులో స్పష్టంగా ఉంది. సర్వేయరు మూలలు గుర్తు పెట్టి ఇచ్చాడు, తలుపులకు చోటు వదిలి గోడ లేపడం మా పని. నేనూ, మా బామ్మర్దీ, మా ఊరివాళ్ళు మరో నలుగురూ కలిసి చకచకా లేపాం. ఇంజనీరుకు పైన బురుజుల పని మెడకు చుట్టుకుని కిందికి దిగే తీరిక లేదు. గోడలు తలుపెత్తు దాటి లింటెలు వేసే వేళకు చెక్ మేడమ్ వచ్చి, మైదానం మధ్య నిలబడి చుట్టూ చూసి, తలుపులేవి అని అడిగింది.

ఇవిగో అని వెనక్కు తీసుకుపోయి చూపించాను. అప్పుడు తెలిసింది. అన్ని ఇళ్ళకూ తలుపులు వెనక పెట్టాను. కోటకు వీపు, ఎడారికి ముఖం. ముప్పై ఏళ్ళుగా డ్రాయింగులు చదువుతున్నవాణ్ణి, ఒక ఇంటికి పొరబడితే పరధ్యానం అనుకోవచ్చు, అన్నిటికీ ఎలా పొరబడ్డాను? సరే నాకు కళ్ళు పోయాయి అనుకుందాం, మా ఊరివాళ్ళు ఆ నలుగురికి ఏమైంది? రోజూ దిమ్మె మీద దిమ్మె పేరుస్తూ ఒక్కడికైనా ఇది వెనక ముందైందే అని తట్టలేదు. ఆవిడ కోప్పడలేదు. ఎందుకిలా పెట్టారు అని మాత్రం అడిగింది. ఏదో చెప్పబోయి, గుట్ట మీది కోట వైపు చూసి, అక్కడే దిమ్మెల కుప్ప మీద కూలబడ్డాను.

మా ఊళ్ళో గడీ మిట్ట మీద ఉండేది. మా వాడ దాని కింద. మా వాడలో ఏ ఇంటి తలుపూ గడీ వైపు తెరవకూడదు, అది కట్టుబాటు. దొర సాయంత్రం మేడ మీద పడకకుర్చీ వేయించుకుని కూర్చుంటాడు, ఆయన కంటికి మా గడపలూ, మా పొయ్యిలూ, మా ముఖాలూ ఆనకూడదు. అందుకని మా ఇళ్ళన్నీ గడీకి వీపు పెట్టి, వాగు వైపు ముఖం పెట్టి ఉండేవి. వానాకాలం వాగు పొంగితే నీళ్ళు తిన్నగా గడపలోకే వచ్చేవి. ఒక ఏడు ముసురు పట్టి మా ఇంటి వాగువైపు గోడ తలుపుతో సహా కూలిపోయింది. అప్పుడే మా అమ్మ ప్రసవించి ఉంది, చెల్లెలు పుట్టి పక్షం కూడా కాలేదు. పసిగుడ్డుతో ఆ నీళ్ళలోకి ఎలా దిగుతుంది? మా నాయన ఆ కూలిన గోడను తలుపు లేకుండా గట్టిగా కట్టేసి, ఎత్తుగా ఉన్న గడీవైపు గోడలో గడప పెట్టాడు. వానలు తగ్గాక మళ్ళీ మార్చుకుందాం, ఇన్నాళ్ళూ ఏమీ అడగలేదు కదా, ఈ ఒక్క కార్తె చూసీచూడనట్టు ఊరుకుంటారులే అనుకున్నాడు, అమాయకుడు.

మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం గడీ మనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. వాడి మాటలు నాకు ఈ రోజుకూ చెవిలో ఉన్నాయి. "పొద్దుగూకితే దొర మేడెక్కుతడు. గప్పటి వరకు గీ బొంద మూసుకపోవాలె." మా నాయన తలపాగా తీసి చేత పట్టుకుని, బాంచన్, లోపల బాలింత ఉంది, ముందు వాగువైపు గోడకు కన్నం పెట్టి దాన్ని బయటికి తెస్తాను, అప్పుడు ఇది మూస్తాను అని బతిమాలాడు. వాడు, ముందు మూయి, తరువాత ఏడ తీసుకుంటవో తీసుకో అన్నాడు. అమ్మ భయపడుతుందని నాయన నన్ను లోపలికి పంపించాడు. నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. నాయన బయట నిలబడి, లోపల పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉండగానే, తన చేతులతో రాయి మీద రాయి పెట్టి, బంకమట్టి కొట్టి, తన ఇంటి గడప మూసేశాడు.

బాలింత మంచం కింద నిప్పుల కుంపటి ఉంటుందని మీకు తెలుసు కదా. వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి వేసి పొగ పెడతారు. తలుపు మూసుకుపోతున్నకొద్దీ ఆ పొగ పోయే దారి లేక గదంతా కమ్ముకుంది. వెలుతురు జానెడై, బెత్తెడై, తరువాత లేకుండా పోయింది. చెల్లెలు దగ్గింది, దగ్గి దగ్గి ఏడవలేక ఊరుకుంది. అమ్మ చీకట్లోనే తడుముకుని మంచినీళ్ళ చెంబు కుంపట్లో కుమ్మరించి, తడి కొంగు చెల్లెలి ముక్కుకు పట్టింది. నిప్పుల మీద నీళ్ళు పడి బుస్సుమన్నప్పుడు నేను కేక పెట్టాను. బయట నాయన తాపీ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. వెంటనే గడీ మనిషి అదిలించాడు, మళ్ళీ చప్పుడు మొదలైంది. ఆ తరువాత నాయన గడ్డపార పట్టుకుని ఇంటి వెనక్కు పరిగెత్తి, మొన్న తను కట్టిన గోడనే పొడిచి పొడిచి కన్నం చేస్తే మేము పాక్కుంటూ బయటికి వచ్చాం. నాయన ఎవరి ముఖమూ చూడలేదు. వాగులో దిగి చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. ఆయన బతికున్నన్ని రోజులూ మా ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. చెల్లెలికి కూడా చెప్పలేదు.

దిమ్మెల కుప్ప మీద కూర్చుని ఇదంతా మేడమ్‌కు చెప్పాను. ఇంజనీరు సగం దాకా చెప్పి, తరువాత చెప్పలేక ఆగి, మళ్ళీ చెప్పాడు. తప్పు నాది, నేనే విరగ్గొట్టి తలుపులు తిప్పుతాను అన్నాను. ఆ మాట మీద మేమందరం ముదీర్, అంటే సైటు మేనేజరు, దగ్గరికి పోయాం. ఆయన ఏ దేశంవాడో చెప్పను, ఏ దేశంవాడైనా ముదీర్ ముదీరే. కిందికి దిగి, మైదానంలో నిలబడి, బోడి గోడల్ని చూసి, తిడతాడనుకున్న మనిషి మూతి నిండా నవ్వాడు. "అరే ఉస్తాద్, బహుత్ అచ్ఛా కియా! ఐసే హీ రహ్నే దో, ఖలాస్" అన్నాడు, భలే చేశావు, ఇలాగే ఉండనీ అని. ఎలాగూ ఆ ఇళ్ళలో సామాన్ల గదులూ, వంటవాళ్ళ గదులూ పెడతారట. కోట మేడ మీద కాఫీ తాగే అతిథులకు చెత్తబుట్టలు మోసేవాళ్ళూ, చీపుళ్ళు పట్టుకున్నవాళ్ళూ కనబడకుండా ఉంటే అంతకన్నా ఏం కావాలట!

నేను చేసిన తప్పుకు జీవితంలో మొదటిసారి మెప్పు వచ్చింది, నా చెప్పుతో నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మా దొర ఆ కాలంలో అన్న మాటనే ఈయన ఏసీ కారు దిగి అన్నాడు. కాదు, దొర కర్ర చూపించి అన్నాడు, ఈయన భుజం తట్టి అన్నాడు, అంతే తేడా. చెక్ మేడమ్ అక్కడే గొంతు చించుకుంది. మా ఊళ్ళలో తలుపులు ఇలా ఉండవు, ఇది ఉంచితే నా పేరు తీసేయండి అంది. ఆవిడ పేరు లేకపోతే అచ్చమైన చెక్ కోట అని చెప్పుకోవడానికి వీలుకాదు. పై నుంచి జవాబు వచ్చింది, తిప్పుకుంటే తిప్పుకోండి, కానీ పని రోజుల్లో కాదు అని.

అంటే మా సెలవు రోజుల్లో. అప్పుడు లేచాడు మా బామ్మర్ది. "ఏంది బావా, నీకేమన్న పిచ్చి లేసిందా? ఎవని తలుపు ఎటుంటే మనకేంది? మనం ఉండే ఇండ్లా అవి?" అన్నాడు. మిగిలిన నలుగురూ తల వంచుకున్నారు గానీ మనసులో వాళ్ళదీ అదే మాట. వారమంతా ఎండలో మాడి, దొరికిన ఒక్క రోజు బట్టలుతుక్కుని, ఇంటికి వీడియో కాల్ చేసుకుని, కాస్త మటన్ వండుకునే సెలవు అది. నేను తిట్టాను, నీకేం తెలుసురా, నీ మొలతాడు నాటికి దొర పట్నం పోయె అన్నాను. వాడూ ఊరుకోలేదు, ఎప్పుడో చచ్చిన దొరను ఇంకా నెత్తి మీద మోస్తున్నది నువ్వే అన్నాడు. అది సూటిగా తగిలింది. ఇంక దాచడమెందుకని మా అమ్మ, కుంపటి, చెల్లెలు అంతా వాడికి చెప్పాను. వాడు మా చెల్లెలి చేతి ముద్దలు తిని పెరిగినవాడు. ఆ తరువాతి సెలవు నాడు పొద్దున్నే నాకంటే ముందు లేచి, కట్టింగ్ మిషను భుజాన వేసుకుని, బస్సు దగ్గర నిలబడి, యల్లా బావా, ఎండ ముదరకముందే పోదాం పా అన్నాడు.

వెనక తలుపులు మూసి ముందు తెరవడానికి వరసగా కొన్ని సెలవులు పట్టింది. మైదానం వైపు గోడ కోసి దిమ్మెలు లాగేసినప్పుడు లోపలి చీకట్లోకి ఎండ దబ్బున పడేది. మొదటి ఇంటికి తలుపు తెరిచినప్పుడు నేను లోపలే నిలబడ్డాను, ఎదురుగా గుట్ట, గుట్ట మీద కోట. నేను దాన్ని చూస్తున్నాను. అంతే, ఇంకేమీ లేదు. చెక్ మేడమ్ సెలవైనా వచ్చి, డబ్బా నిండా చాయ్ తెప్పించి, ఇంటింటి గడపలో కూర్చుని మాతో తాగింది. నా దుబాయ్ బతుకులో అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్ళు? మేడమ్ పని అయిపోయి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. పోయేటప్పుడు నా చేయి పట్టుకుని తన భాషలో ఏదో అంది, అర్థం కాలేదు, అడగడానికి ఇంజనీరు పక్కన లేడు. ఆవిడ పోయిన వారానికే ముదీర్ వచ్చి, తలుపులన్నీ మూసెయ్యమన్నాడు. సాయంత్రం మాలిక్ తరఫు మనుషులు కోట మేడ మీద ఫొటోలు తీయించడానికి వస్తున్నారట. "పహ్లే ఇధర్ బంద్ కరో, పీఛే కా బాద్ మే దేఖేంగే" అన్నాడు. ముందు ఇటు మూయి, వెనకది తరువాత చూద్దాం.

లోపల బాలింత లేదు, నిజమే. కుంపటి లేదు, పసిపిల్ల లేదు. సిమెంటు సంచులు తప్ప ఏమీ లేవు. అయినా నా చేతి తాపీ పైకి లేవలేదు. నై హోగా సాబ్, వేరే ఏ పని చెప్పినా చేస్తాను, ఈ పని నా చేత కాదు అన్నాను. ఆయన ముందు నవ్వాడు, తరువాత అరిచాడు, ఈ వయసులో నీకు ఇంకో పని ఎవడిస్తాడు, వీసా క్యాన్సిల్ చేయించి రేపే విమానం ఎక్కిస్తాను అన్నాడు. ఎక్కించు అన్నాను. భయం వేయలేదా అంటే, వేసింది. అయినా తాపీ కడిగి, తుడిచి, బక్కెట్లో పెట్టాను. మా బామ్మర్ది నా వెనకే తన తాపీ కూడా పెట్టి, "మా బావ చెయ్యంది నేను చెయ్య" అని తెలుగులోనే అన్నాడు, ముదీర్‌కు అర్థమైందో లేదో వాడికి అక్కరలేదు.

విమానం ఎక్కించలేదు, మనుషుల కొరత కదా. మమ్మల్నిద్దర్నీ తీసుకుపోయి షార్జా సజ్జాలో దిమ్మెలు పోసే యార్డులో పడేశారు. ఫోర్‌మన్‌ను కాస్తా మళ్ళీ దిమ్మెలు మోసే కూలీనయ్యాను. ఆ తలుపులు వేరేవాళ్ళు మూశారు. కొత్తగా వచ్చిన పిల్లలు, మన తెలుగువాళ్ళే కొందరు ఉన్నారని తరువాత తెలిసింది. వాళ్ళను ఏమనగలను? వాళ్ళకు అది ఒక రోజు పని. పెయింటరు ఫోనులో నేను నిన్న చూసింది ఆ గోడల్నే.

రాత్రి నిద్రపట్టక, ఇంకా తెల్లవారకముందే ఊళ్ళో మా చెల్లెలికి వీడియో కాల్ చేశాను. మన టైముకంటే వాళ్ళు ముందు కదా, అప్పటికే లేచి వాకిలి ఊడుస్తోంది. ఈ మధ్యనే పాత ఇల్లు పడగొట్టి అదే జాగాలో స్లాబు ఇల్లు వేసుకుంది. రంగులు వేశాం చూడన్నా అని ఫోను పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపిస్తోంది, టైల్సూ, వంటగట్టూ, మనవరాలు గోడ మీద గీసిన బొమ్మలూ. నేను ఉన్నట్టుండి, తలుపు ఎటు పెట్టినవే అని అడిగాను. "ఎటేందన్నా, వాగు దిక్కే. మనోళ్ళందరివి గట్లనే ఉన్నయి గద, మన వాడోళ్ళకు ఆ దిక్కే అచ్చొస్తదంట" అంది. మిట్ట మీది గడీ కప్పు కూలి ఎన్నేళ్ళయిందో, దొర మనవలు పట్నంలో ఏ గేటెడ్ కాలనీలో ఉంటున్నారో, అడిగే మనిషి లేడు, ఊపే కర్ర లేదు. అయినా మా చెల్లెలు కొత్త ఇంటికి కూడా గడీకి వీపే పెట్టింది, పైగా అచ్చొస్తుందని నమ్మి పెట్టింది. మా నాయన చేత గడప మూయించిన దాష్టీకం, నాకు తెలియకుండానే నా చెల్లెలికి శకునమైపోయింది! ముదీర్ మీద కూడా నాకు అంత కోపం రాలేదు.

అప్పుడు చెప్పాను, యాభై ఏళ్ళు దాటిన మనిషికి, పసిగుడ్డుగా ఉన్నప్పుడు తనను గోడ వెనక ఎలా మూసేశారో. చీపురు చేతిలో అలాగే ఉంది. "గప్పుడు నేను ఏడ్చిన్నా అన్నా?" అని అడిగింది. ఏడవలేదు, దగ్గావు, అమ్మ తడి కొంగు పట్టింది అన్నాను. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, ఫోను పట్టుకుని గబగబా లోపలికి పోయి, ముందుగదిలో గడీ వైపు గోడ చూపించి, "గీ గోడ వలగ్గొడితే స్లాబు ఆగుతదా?" అంది.

ఆగుతుంది, లింటెలు వేసి కోస్తే ఏమీ కాదు, నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వకు అన్నాను. మన కాలంలో వద్దని చెప్పడానికి ఒక మనిషి ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడేవాడు, ఇప్పుడు ఆ మనిషి లేకుండానే పని జరిగిపోతోంది, మారిందని మనం మురిసిపోతున్నది ఈ మాత్రమేనేమో. ఈ మధ్యాహ్నం ఆఫీసుకు పోయి సెలవు అడిగాను. కారణం ఏమిటని అడిగితే, ఊళ్ళో చిన్న మేస్త్రీ పని ఉంది అన్నాను. ఇచ్చారు.